గోడ దాటిన బంతి

శనివారం రాత్రి, మోరిస్‌విల్

నిద్ర పట్టడం లేదు. మా డేవిడ్‌కి ముప్పై దాటాయి, మోకాలికి రెండు ఆపరేషన్లయ్యాయి. అయినా ఈ చిన్న లీగ్‌లోనే బేస్‌బాల్ ఆడుతున్నాడు. పెద్ద లీగ్ నుంచి పిలుపు రాలేదు. ఈ సీజన్ బాగా ఆడకపోతే మానేస్తానని నాకు మాటిచ్చాడు. అందుకే చర్చిలో అందరూ వాడి కోసం ప్రార్థిస్తుంటే, నేను మాత్రం వాడి బ్యాట్‌కి బంతి తగలకూడదని లోలోపల వేడుకుంటున్నాను. ఏం తల్లినో!

ఈరోజు వాడు కొట్టిన బంతి గోడ దాటి పార్కింగ్‌లో పడింది.

మ్యాచ్ అయ్యాక కుంటుకుంటూ కారు దగ్గరికొచ్చాడు. "మమ్మీ, చూశావా? ఇంకో ఇయర్ ట్రై చేస్తా."

"నీ ఇష్టం నాన్నా" అన్నాను.

రేపు చర్చిలో మళ్లీ అదే వేడుకుంటే ప్రభువు నమ్ముతాడా? బంతి గాల్లో ఉండగానే లేచి, "పో, ఇంకా పో" అని అందరికన్నా గట్టిగా అరిచింది నేనే కదా.