కుడివైపు రేకు

అమ్మా,

ఉత్తరం చూడగానే ఎవరికో ఒంట్లో బాగోలేదని కంగారు పడకు. నాన్నా నేనూ గుండ్రాళ్ళలా ఉన్నాం. రాసే కారణం వేరే. నువ్వు 'నా సవతి' అని పిలిచేదానివే, ఆ పసుపు రేసు కారు, అది మళ్ళీ మన షెడ్డుకొచ్చింది.

లారీ మీద తాళ్ళతో కట్టి తెచ్చారు. దింపుతుంటే నాన్న బయటికొచ్చి ఒక్క చూపు చూసి, ఏదో పని గుర్తొచ్చినట్టు లోపలికి వెళ్ళిపోయాడు. నేను మాత్రం దాని చుట్టూ తిరిగి చూశాను. తలుపులు కూడా లేని, ఇద్దరు ఇరుక్కుని కూర్చునే ఈ డబ్బా కోసమా మా అమ్మ ఇల్లు వదిలి వెళ్ళింది అనిపించింది.

పాత మోటారు బళ్ళ మ్యూజియం నడిపే ఒకావిడ దీన్ని కొంది. బాగుచేసి ఇస్తే అద్దాల గదిలో నిలబెట్టి, పక్కన చరిత్ర రాసిన బోర్డు పెడుతుందట. రేకుల పనితోపాటు ఆ చరిత్ర పోగుచేసే పనీ నా నెత్తినే పడింది. నాన్నను అడిగితే నాలుగు ముక్కల్లో తేల్చేశాడు. పాత వ్యాను ఛాసిస్ కోసి కురచ చేశాడు, నీళ్ళలో మునిగిన మోటారు పడవ ఇంజను తెచ్చి బిగించాడు, రేకులు చేత్తో కొట్టాడు, కొండ మీది రేసులో ఫ్యాక్టరీ కార్లన్నిటినీ వెనక్కి నెట్టాడు. ఆ తర్వాత అమ్మేశాడు. అంతే.

మిగతాది నేనే తిరిగి తెలుసుకున్నాను. మొదట కొన్నది ఒక పళ్ళ డాక్టరు. మరీ పొడుగు మనిషి కావడంతో క్లచ్చి తొక్కినప్పుడల్లా మోకాలు తగిలి హారను మోగేదట. ఆయన దగ్గర్నుంచి ఒక ఫొటోగ్రాఫరు కొని, కొత్త జంటల్ని అందులో కూర్చోబెట్టి ఫొటోలు తీస్తూ బతికాడు. బండి కదలకపోయినా నడిచే వ్యాపారం. చివరికి కోళ్ళ ఫారం ఆయన చేతిలో పడింది. కొండెక్కి గెలిచిన కారు సీట్లో కోళ్ళు గుడ్లు పెట్టాయి. తడిగోడకు ఆనించి ఉంచడం వల్ల కుడివైపు కింది అంచంతా తుప్పు తినేసింది.

మ్యూజియం ఆవిడ వచ్చి, ఇంత అందంగా బాడీ కొట్టిందెవరని అడిగింది. "నేనే" అని నాన్న టీ గ్లాసు పట్టుకుని లేచి వెళ్ళిపోయాడు. ఈ కారు కథ ఎత్తుకుంటే ఎదుటివాళ్ళు పారిపోయేదాకా వదలని మనిషి, కళ్ళెత్తి చూడకుండా వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి నా మనసు మనసులో లేదు.

నువ్వు వెళ్ళినప్పుడు నేను బడికి పోయే పిల్లని. మీ అమ్మకు ఆ కారంటే పడదు, అందుకే వెళ్ళిందని అందరూ అంటే నమ్మాను. కానీ నువ్వు వెళ్ళేనాటికి కారు అమ్మేసి ఏళ్ళయిందట కదా. మరి ఎందుకు వెళ్ళావు? ఇప్పుడైనా చెప్తావా? రేపు పెయింటు గీకడం మొదలుపెడుతున్నాను.

ఒంటినిండా తుప్పు పొడితో,
నీ చిన్నది.

*

అమ్మా,

నువ్వు జవాబు రాయలేదు. రాయకపోయినా నాకు తెలిసిపోయింది.

పెయింటు ఊడిపోయాక రేకు లోపలివైపు లైటు పెట్టి చూశాను. సుత్తి ఏ చేత్తో పడితే దెబ్బ ఆ చేతి వాటానికి ఒరుగుతుంది. కుడిచేతి దెబ్బలు ఒక పక్కకు వాలితే ఎడమచేతివి దానికి ఎదురు వాలుతాయి. ఈ కారుకు ఒక్కో పక్క ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా ఒకటే రేకు. కుడివైపుదంతా కుడిచేతి పని. చెయ్యి తిరిగిన పని, ఎక్కడా ఒక దెబ్బ ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఎడమవైపుదంతా ఎడమచేతి పని. భయం భయంగా, కొట్టిన చోటే మళ్ళీ కొట్టి, అప్పుడే నేర్చుకుంటున్న వాళ్ళు కొట్టినట్టుంది.

నాన్నది కుడిచెయ్యి. మన ఇంట్లో ఎడమచేతి వాటం నీ ఒక్కదానిదే. నీ కత్తెర ఇంకెవరికీ తెగదని టైలరింగు షాపులో అందరూ నవ్వుతారని నువ్వే చెప్పావు. నేను అక్కడే నేల మీద కూలబడి ఏడ్చానమ్మా. సగం కారు నువ్వు చేశావు. ఆయన ఇన్నేళ్ళూ "నేనే" అంటూ తిరిగాడు.

ఆఖరికి వెళ్ళి నాన్న ఎదురుగా నిలబడి, ఎడమవైపు రేకు ఎవరు కొట్టారని అడిగేశాను. వాన పడినప్పుడల్లా కూర్చున్నట్టే కుడి మణికట్టు నొక్కుకుంటూ కూర్చున్నాడు. సరే, కుడివైపుది తుప్పు పట్టింది కదా, కోసి కొత్తది వేస్తానన్నాను. అప్పుడు తలెత్తాడు.

"ఆ వైపు ముట్టుకోకు."

"ఎందుకు?"

"అది బాగా వచ్చింది."

చూశావా, తన పని మీద తనకెంత మురిపెమో! నీ వైపు గురించి ఒక్క ముక్క లేదు. నా ఒళ్ళు మండిపోయింది. నిజానికి కింది అంచు ఒక్కటీ కోసి అతికితే సరిపోయేది. నేను రేకు మొత్తం కోసి తుక్కులో పారేశాను. దాని స్థానంలో నేనే కొత్తది కొట్టి బిగించాను. ఇప్పుడా కారుకు నీ చెయ్యి ఉంది, నా చెయ్యి ఉంది, ఆయనది లేదు. కోపం తీరుతుందనుకున్నాను, ఇంకా పెరిగింది.

ఆయన ఏం చేశాడో తెలుసా? ఆ రేకును తుక్కులోంచి లాగి, తన గదిలోకి మోసుకుపోయాడు. మంచం పక్కన గోడకు ఆనించి, గుడ్డతో నూనె రాస్తూ కూర్చుంటున్నాడు. తన గొప్ప తనే తుడుచుకుంటున్నాడని వదిలేశాను.

ఎడమవైపు చేసింది నువ్వేనని బోర్డు మీద రాయిస్తాను. సరేనని ఒక్క ముక్క రాయి. మ్యూజియం ఆవిడ తొందరపెడుతోంది.

నీ పక్షాన నిలబడిన,
నీ కూతురు.

*

తొందరపాటు పిల్లకి,

నీ రెండో ఉత్తరం షాపులో చదివి, చేతిలో ఉన్న చొక్కా కాలరు వంకరగా కత్తిరించేశాను. దర్జీగా నా పరువు తీశావు.

నాది ఎడమచేతి వాటమే. రాతా కత్తెరా అన్నీ ఆ చేత్తోనే. సుత్తి మాత్రం కాదు. పెళ్ళయిన కొత్తలో మీ నాన్న నా వెనక నిలబడి, నా చేతి మీద చెయ్యి వేసి రేకు కొట్టడం నేర్పాడు. ఆయనది ఏ చెయ్యో నాకూ అదే అలవాటైంది. తర్వాత ఇద్దరం కారు మొదలుపెట్టాం. ఇంజను దింపుతుంటే గొలుసు తెగి ఆయన కుడి మణికట్టు విరిగింది. చూస్తే రేసు దగ్గరపడింది. రేకులు నేను కొడతానన్నాను. ఆయన ఊరుకుంటే కదా, రెండో వైపు తను ఎడమచేత్తో అందుకున్నాడు. సుత్తి జారి కాలి మీద పడేది. తిట్టుకునేవాడు, నేను నవ్వేదాన్ని. నువ్వు చూసి ఏడ్చిన ఆ భయం భయం దెబ్బలు మీ నాన్నవి. చెయ్యి తిరిగిన పని నాది. నువ్వు కోసి తుక్కులో పారేసింది నా రేకు.

నీ మీద కోపం వచ్చింది, దాచను. నన్నడిగి చావొచ్చు కదా అనుకున్నాను. అడిగావు, నేనే జవాబు రాయలేదు. కాబట్టి సగం నా మీదే వేసుకున్నాను.

ఎందుకు వెళ్ళానో చెప్తాను. రేసు గెలిచాక అందరూ చుట్టూ చేరి బాడీ ఎవరు కొట్టారని అడిగారు. నేను పక్కనే ఉన్నాను, అరచేతుల్లో బొబ్బలింకా మానలేదు. ఆయన "నేనే" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. ఇంటికెళ్ళాక ఏదో ఒకటి అంటాడని చూశాను, అనలేదు. కారు అమ్మేసినా ఆ మాట మాత్రం మానలేదు. వచ్చిన ప్రతివాళ్ళకీ అదే కథ. ఒకరోజు నువ్వు బడి నుంచి వచ్చి, 'నాన్న ఒక్కడే కారు చేశాడు తెలుసా' అని గొప్పగా నాకే చెప్పావు. నీ తప్పేం లేదు, నువ్వు విన్నదే చెప్పావు. నేను మాత్రం ఇక ఆ ఇంట్లో ఉండలేకపోయాను.

ఆయనకు నా పని గుర్తే లేదనుకుని ఇన్నేళ్ళు బతికాను. 'అది బాగా వచ్చింది' అన్నాడని రాశావు. ఆ మాట కోసం ఎంతకాలం ఎదురుచూశానో నీకు తెలియదు. అన్నాడు సరే, నాతో అనలేదు. అదైనా ఎవరిదో చెప్పకుండా అన్నాడు. మొండి మనిషి. అయినా ఆ రేకును మంచం పక్కన పెట్టుకుని తుడుస్తున్నాడన్నావు చూడు, అక్కడ ఇక చదవలేకపోయాను.

అంతమాత్రాన మరిచిపోయానని అనుకోకు. మ్యూజియం ఆవిడకు నువ్వేమీ చెప్పొద్దు. ఆదివారం పొద్దుటి బస్సుకు వస్తున్నాను, ఆవిడనూ షెడ్డుకు రమ్మను. బాడీ ఎవరు కొట్టారని నా ఎదురుగా మళ్ళీ అడగమను. ఆయన ఏం చెప్తాడో నాకు తెలియదు. ఈసారి మాత్రం నేను నవ్వి ఊరుకోను.

ఆయన ఏం చెప్పినా, నా రేకు కారెక్కాల్సిందే. నువ్వు కొట్టింది దాచుకో, నీ కారు నువ్వు చేసుకున్నప్పుడు పనికొస్తుంది. తుప్పు పట్టిన అంచు కోసేసి నేనే అతుకుతాను. సుత్తి నేను వేస్తుంటే రేకు వెనక ఇనపదిమ్మ పట్టడానికి ఒకళ్ళు కావాలి. మీ నాన్నను సిద్ధంగా ఉండమను. మణికట్టు నొప్పంటే వినను.

మీ అమ్మ.