నాన్న చేతిరాత

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ ఇద్దరం క్షేమమని అలవాటుకొద్దీ రాస్తున్నాను. నువ్వు అలవాటుకొద్దీ నమ్మేయకుండా చివరిదాకా చదువు.

నీ ఉత్తరం అందింది. మొక్కల బొమ్మలేసే మీ అక్క ఏ కుంచె వాడుతుంది, ఏ రంగంటే ఇష్టం, ఎవర్ని చూసి నేర్చుకుంది అని నీ క్లాసు పిల్లలు అడిగారన్నావు. మాస్టారివి కదా, ఏదో ఒకటి కల్పించి చెప్పేసి ఉండాల్సింది. సరే, అడిగారు కాబట్టి రాస్తాను.

కుంచెలు గుప్పెడున్నాయి కానీ పనిచేసేది ఒక్కటే. తడిపి విదిలిస్తే కొన సూదిలా నిలబడాలి. అదీ అరిగిపోతోంది, కొత్తది కొనబుద్ధి కావడం లేదు. ఆకుపచ్చ ట్యూబు నా దగ్గర లేనే లేదు. నీలం, పసుపు, పిసరంత ఎరుపు కలిపి ఏ ఆకు పచ్చ ఆ ఆకుకే చేసుకుంటాను. కాగితం మందంగా, నున్నగా ఉండాలి. ఇంకా భూతద్దం, మొక్క నిలబెట్టడానికి గాజు గ్లాసు, ఎడమ పక్కన కిటికీ. ఆ కిటికీకి ఎదురుగా ఇప్పుడెవరో గోడ లేపారు, మధ్యాహ్నానికే గదిలో చీకటి పడుతోంది. ఫ్రిజ్‌లో ఎప్పట్లాగే కూరగాయల కంటే మొక్కల డబ్బాలే ఎక్కువ. నువ్వు ఆకుకూర అనుకుని తరిగేసిన మొక్క బొమ్మ ఇంకా సగంలోనే ఉందని పిల్లలకి తప్పకుండా చెప్పు.

ఒక్క నియమం మాత్రం రాసుకోమను. పువ్వు ముందు, ఆకు తర్వాత. ముందు వాడిపోయేదాన్నే ముందు వెయ్యాలి.

ఎవర్ని చూసి అంటే ఇంకెవర్ని, నాన్ననే. జన్మంతా దుకాణాల బోర్డులు రాసి అలిసిపోయిన మనిషి, సాయంత్రం నడకకి వెళ్లి మురుగుకాల్వ పక్కన మొలిచిన పిచ్చిమొక్కని తడి జేబురుమాల్లో చుట్టుకుని తెచ్చేవాడు. "అందరూ తొక్కేదాన్ని ఒక్కళ్లన్నా చూడాలి కదే" అనేవాడు. నా బొమ్మ పూర్తయితే కింద మొక్క పేరు రాసేది ఆయనే, ఊపిరి బిగబట్టి. నీకు వచ్చే ప్రతి ఉత్తరం చివరా నాలుగు ముక్కలు రాసేదీ ఆయనే.

ఆ నాలుగు ముక్కలు చూసి, "నాన్న రాత ముందుకంటే కుదురుగా ఉంది, మనిషి గట్టిపడ్డాడు" అని మురిసిపోయావు. ఆ వాక్యం దగ్గరే నీ ఉత్తరం మడిచి పక్కన పెట్టేశాను.

ఆ కుదురు నాదిరా.

సంక్రాంతి వెళ్లాక నాన్న ఓ బొమ్మ కింద పేరు రాస్తూ సగంలో ఆగి, "ఇక్కణ్ణుంచి పెన్సిలు ఎటు తిప్పాలే?" అని అడిగాడు. వేళాకోళమనుకుని నవ్వాను. డాక్టరు నవ్వలేదు. ఈ మతిమరుపు పెరగడమే తప్ప తగ్గదన్నాడు. బయటికొచ్చాక నాన్న నా చెయ్యి పట్టుకుని, "వాడికి చెప్పకే. పరీక్షల టైము, అన్నీ వదిలేసి పరిగెత్తుకొస్తాడు" అన్నాడు. అప్పట్నుంచి నీకందిన నాన్న మాటలన్నీ నేను రాసినవే. పాత బొమ్మల కింద ఆయన రాసిన పేర్లు ముందు పెట్టుకుని, ఆకు ఈనెలు కొలిచినట్టు ఒక్కో అక్షరం కొలిచి దించాను. పురుగు తిన్న ఆకుకి చిల్లు కూడా వదలకుండా వేసేదాన్ని, నాన్న రాతలో వణుకు మాత్రం వెయ్యలేకపోయాను. వేస్తే అది నిజమైపోతుందని భయమేసింది.

నిన్న మళ్లీ ఓ మొక్క తెచ్చాడు. గోళ్లనిండా మట్టి. నా బల్ల దగ్గరికొచ్చి, పరాయివాళ్లతో మాట్లాడినట్టు, "ఏమండీ, ఇది మా అమ్మాయికి ఇస్తారా? బొమ్మలేస్తుంది" అన్నాడు.

"ఇస్తానండీ" అన్నాను. తీసుకుని గ్లాసులో పెట్టాను.

నిన్ను మాత్రం ఇంకా మర్చిపోలేదు. తలుపు చప్పుడైతే చాలు, "వాడేనా?" అంటాడు. నిజం చెప్పొద్దూ, నాకు కుళ్లుగా ఉందిరా. చాకిరీ నాది, గుర్తున్నది నువ్వు. అయినా సరే, ఆయన అలా అడుగుతున్నప్పుడే రా. వేసవి సెలవులదాకా ఆగకు. నీ పిల్లలకి చెప్పమన్న నియమం నువ్వూ రాసుకో.

ఈ ఉత్తరం చివర నాన్న మాటల కోసం వెతక్కు. ఆ చోటు ఖాళీగా వదిలేశాను.

ఇట్లు,
ఈసారి ఒక్కర్తినే,
అక్క