వైర్ల వైపు నుంచి చూసిన బొమ్మ

ప్రోతరాపూర్,
10 ఆగస్టు 2005

ప్రియమైన మీకు,

నిన్న ఫోన్లో మీరు, "ఈ కంప్యూటరు ఉన్న బళ్ల రిపేరు నా వల్ల కాదు ఎరుకా, వచ్చే శనివారం షిప్పుకి వచ్చేస్తాను, అన్నయ్య కొట్లో కూచుంటాను" అంటే నేను ఊఁ అన్నాను. పక్కన అత్తయ్య ఉన్నారు. ఆవిడ లేకపోయినా ఫోన్లో చెప్పగలిగేదాన్ని కాదు. అందుకే రాస్తున్నాను. మీరక్కడ బాగుచేస్తున్న వ్యాను ఫ్యూజు కాల్చింది మీ చేతులు కాదు, నేను గీసి పంపిన బొమ్మ.

సునామీలో మునిగిన ఆ వ్యాను వైర్లన్నీ ఉప్పు తినేసింది, వైర్లని బండి కంప్యూటరుకి కలిపే కొత్త కప్లరులో ఏ వైరు ఏ పిన్నుకి పోవాలో పుస్తకం చూసి పంపమని కార్ నికోబార్ నుంచి అడిగారు కదా. మన పుస్తకమూ ఆ రోజు తడిసిందే. జిరాక్స్ తీయిస్తే పేజీ నల్లగా వచ్చింది. అందుకని నేనే గీద్దామని కూచున్నాను. సరిచూసుకోవడానికి మన షాపు బల్ల మీదున్న పాత కప్లరు తీశాను. దాని ముఖం మీద, అంటే కంప్యూటరుకి తగిలించే వైపు, ఒకటో నంబరు కుడివైపు ఉంది, పుస్తకంలో ఎడమవైపు ఉంది. పుస్తకమే తప్పనుకుని అన్ని నంబర్లూ తిప్పి గీశాను. మిమ్మల్ని ఒక్క మాట అడగాల్సింది. సిగ్గేసి అడగలేదు.

ఇవాళ పక్కింటి జాహ్నవికి ఆ పేజీ చూపించాను. బొమ్మ కింద ఇంగ్లీషులో ఉన్న చిన్న అక్షరాలు చదివి, "అరే దీదీ, నువ్వు ఉల్టా చేసేశావు! ఇది వైర్లు దూరే వైపు నుంచి చూసిన బొమ్మ" అంది. నేను ముఖం చూసి గీశాను, మీరు వైర్లు వెనక నుంచి గుచ్చారు. ఎర్తు వైరు ఉండాల్సిన చోటికి కరెంటు పోయింది. నేను చదివింది అయిదో తరగతే అయినా ఇంత తప్పు చేస్తాననుకోలేదు.

షిప్పులో పనిచేసే ఆనందబాబు గారి చేతికి రేపు ఫీనిక్స్ బే రేవులో ఈ ఉత్తరం ఇస్తాను. నన్ను తిట్టండి, పని మాత్రం మానకండి.

మీ
ఎరుకమ్మ


ప్రోతరాపూర్,
26 ఆగస్టు 2005

ప్రియమైన మీకు,

జవాబు అందింది. నాలుగుసార్లు చదివాను.

బొమ్మ తిరగబడిందని ఫ్యూజు పోయిన రోజే మీకు తెలిసిందట. "ఎవరు గీశారిది?" అని మీకు పనిచ్చిన కాంట్రాక్టరు అరిస్తే "నేనే" అన్నారట. పెళ్లాం గీసిందంటే అందరూ నవ్వుతారని చెప్పలేదట. దాంతో ఆయన మిమ్మల్ని మళ్లీ బండి ముట్టుకోనివ్వలేదట. చివరికి మీరు నా ఉత్తరం ఆయనకి చదివి వినిపిస్తే, "క్యా భాయ్, బీవీ తప్పు ఒప్పుకుంటోంది, నువ్వేమో దాస్తున్నావు! జా, ఆ వైర్లు మళ్లీ పెట్టు" అన్నారట. కంప్యూటరు బాగానే ఉందనీ, వ్యాను స్టార్టయిందనీ చదివి ఏడ్చేశాను.

తర్వాత కోపం వచ్చింది. మీరు దాచింది నా తప్పునా, నన్నా? దానికోసం మీ పని వదులుకుంటారా? ఇంకెప్పుడూ అలా చేయకండి.

ఈ పొద్దున ట్యాక్సీ నూకన్న బండి తోయించుకుంటూ వచ్చాడు. అత్తయ్య గుమ్మంలోంచే, "మా జితేంద్ర లేడు బాబూ, వేరే షాపు చూసుకో" అన్నారు. నేను చీర కొంగు దోపుకుని బయటికి వచ్చాను.

"కంప్యూటరు కప్లరు ఊడదియ్యి భయ్యా, నేను చూస్తాను."

"నీకొచ్చా దీదీ ఈ పని?"

"ఒక తప్పు బాగా వచ్చు. అది మళ్లీ చేయను."

అత్తయ్య బుగ్గ నొక్కుకున్నారు. "ఓర్నాయనో, దీనికి నోరుందర్రా!" అని లోపలికెళ్లి ఇద్దరికీ టీ పెట్టుకొచ్చారు.

పిన్నుల మీద పచ్చగా చిలుము పట్టింది. పాత బ్రష్షుతో ఒక్కోటీ రుద్దుతున్నాను. ఏడు అయ్యాక కాసేపు ఆగి ఇది రాస్తున్నాను, ఇంకా చాలా ఉన్నాయి. స్టార్టవుతుందో లేదో తెలియదు. మీరు తొందరపడి రాకండి, అక్కడి బళ్లన్నీ పూర్తి చేసుకుని రండి. నూకన్న పిలుస్తున్నాడు, వెళ్తాను.

మీ
ఎరుకమ్మ