అన్న బండిలో ఏడాది నాటి పెట్రోలు

ఇబ్రహీంపట్నం, ఆదివారం రాత్రి

అన్న సంవత్సరీకం ఇవాళ ముగిసింది. భోజనాలయ్యాక వదిన అన్న బండి తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది. రేపటి నుంచి మన్నెగూడలో తను పనిచేసే బట్టల షాపుకు దాని మీదే పోదామనుకుంది.

ఎంత కొట్టినా స్టార్ట్ కాలేదు. ట్యాంకులోని పెట్రోలు సీసాలోకి తీస్తే అడుగున నీళ్లు, తుప్పు. పైపు ఉబ్బింది, కార్బురేటర్ నిండా జిగురు. ఇథనాల్ కలిపిన పెట్రోలు తేమను పీల్చుకుంటుంది, నెలల తరబడి బండి ఆపితే ట్యాంకు ఖాళీ చేయమని నా మెకానిక్ షాపుకొచ్చే ప్రతివాడికీ చెబుతాను.

అన్న పోయిన పదకొండో రోజు ఇంట్లోనూ ఆ మాటే అన్నాను. నాన్నకు అన్నయ్య, పెద్దబాపు కస్సుమన్నాడు.

"పోయినోని బండిరా అది. ఏడాది ఎళ్లేదాంక ఎవ్వలు ముట్టొద్దు."

ట్యాంకు జోలికి పోలేదు. వానాకాలమంతా అది హ్యాండిల్‌కు ఎండిన దండతో, సగం ట్యాంకుతో రేకుల కింద నిలబడింది. ఎవరికీ తెలియకుండా పైపు ఊడదీస్తే పది నిమిషాల పని. అదీ చేయలేదు. ఆచారానికి భయపడ్డానా, పెద్దబాపుకా...

ఇవాళ అదే పెద్దబాపు అందరి ముందూ అన్నాడు.

"మెకానిక్‌వి గదరా, ఇంట్ల బండినే ఖరాబు చేస్తివి. ముందుగాల చెప్పొద్దా?"

చెప్పానని ఇవాళ కూడా అనలేకపోయాను.

"పోనీ తమ్మీ, బస్సు ఉండనే ఉన్నది" అంది వదిన, నా ముఖం చూడకుండా.

రేపు పొద్దున ఆమె మళ్లీ బస్టాపులో నిలబడుతుంది. ముట్టొద్దన్నవాళ్లెవరూ అక్కడ ఉండరు.