బరాత్‌కు తెల్ల కారు

దామోదరన్నా,

బరాత్‌లకు కిరాయికి తిప్పడానికి తెల్ల కారునే కొందాం, ఖాయం చెయ్యి. టాపు తెరిచే ఆ పాత కార్లు రెండింటినీ హైదరాబాద్‌లో నేనే నడిపి చూశాను. ఎర్రదాని మీద నాకెంత మనసుందో నీకు తెలుసు. ఔటర్ రింగురోడ్డు ఎక్కి యాక్సిలరేటర్ మీద కాలు మోపగానే చెవుల్లో గాలి తప్ప ఇంకేమీ వినిపించలేదు. డిగ్రీ అయ్యాక నేను ఎక్కడికో పోతున్నట్టు అనిపించింది ఆ కాసేపే.

తిరిగొస్తుంటే ఎవరిదో బరాత్ వెనక చిక్కుకున్నాం. బ్యాండు వాళ్లు అడుగేస్తే మేమూ అడుగు. పెళ్లికొడుకు దోస్తులకు ఇంకా చెమటైనా పట్టలేదు, ఎర్రదాని ఇంజన్ వేడెక్కి బానెట్ కింద నుంచి పొగలు వచ్చాయి. పక్కన కూర్చున్న కారు యజమాని నవ్వాడు.

"దీనికి ఉరుకుడే తెలుసమ్మా, నడుసుడు రాదు."

దాని సామాను విదేశం నుంచి తెప్పించాలట. తెల్లదాన్నయితే మన మహబూబ్‌నగర్ మెకానిక్ వీరేశం బాగుచేస్తానన్నాడు.

ఇదంతా విని బాపు, "పందెం పొట్టేలును తెచ్చి మందల నడిపిస్తమా బిడ్డా?" అన్నాడు. ఆయన మాట న్యాయమే. మన కోస్గిలో ఏ బరాతైనా బజారు దాటేసరికి తెల్లారవస్తుంది. తెల్లదాన్ని నేనే నడుపుతాను, ఆడేవాళ్ల వెనక, నడక వేగంతో.

ఒక్క మాట మాత్రం ఆ యజమానికి చెప్పు. ఎర్రదాన్ని బరాత్‌ల వాళ్లకు అమ్మవద్దను. ఖాళీ రోడ్డు మీద ఉరికించే వాళ్లకే ఇమ్మను.

నీ చెల్లె