పశువుల పాకకు దూది మంచు

16 డిసెంబరు 1987, బుధవారం

ఏటా క్రిస్మస్‌కి మా క్లాసులో యేసయ్య పుట్టిన పశువుల పాక బొమ్మ కట్టి, పిల్లలు ఇళ్ల నుంచి తెచ్చిన దూదిని మంచులా పరుస్తాం. అసలు మంచు ఎలా ఉంటుందో మాలో ఎవరమూ చూడలేదు. ఈసారీ అలవాటు కొద్దీ తలా పిడికెడు దూది తెమ్మన్నాను. తెల్లదోమ పడి పత్తంతా నాశనమైన ఏడని నాకు తట్టనే లేదు. నేనేం టీచర్ని!

రత్నం తెచ్చిన దూది మసి పట్టినట్టు నల్లగా, జిగటగా ఉంది.

"చేనంతా ఇట్టానే ఉంది టీచర్. తెల్లది దొరకలా" అంది.

హెడ్‌మిస్ట్రెస్ గారు చూసి, "యేసయ్య పాక మీద ఇదేంటండీ? మెడికల్ షాపు నుంచి ఒక కట్ట తెప్పించండి" అన్నారు. తెప్పించాను. తెల్లగా పరిచాం. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. రత్నం తన దూదిని మళ్లీ సంచిలో వేసుకుంది.

బడి వదిలాక ఆపి, మీ నాన్న ఎలా ఉన్నాడని అడిగాను.

"చేలోనే కూర్చుంటన్నాడు టీచర్. అన్నానికి పిలిచినా రావట్లా. పురుగుమందు డబ్బా అమ్మ మా పెద్దమ్మ ఇంట్లో దాచింది."

తొమ్మిదేళ్ల పిల్ల, ఆ మాట మామూలుగా చెప్పేసింది. పోయిన వారం పక్క ఊళ్లో ఒక రైతు మందు తాగి పోయిన సంగతి తనకూ తెలుసు. ఎన్ని డబ్బాలని దాస్తుంది ఆ తల్లి? ఊళ్లో ప్రతి ఇంట్లోనూ ఒకటి ఉంది.

రాత్రి ప్రార్థనకు మోకరించి ఒక్కటే అడిగాను. పండగా వద్దు, పాటలూ వద్దు. రేపు హాజరు పిలిచినప్పుడు రత్నం "ప్రెజెంట్ టీచర్" అంటే చాలు.