గుంటలో మిగిలిన మన్ను

బహుధాన్య సంవత్సరం, మాఘ మాసం, ఆదివారం రాత్రి, ఉదయగిరి.

ఎంత సంతోషమో, రాయకుండా ఉండలేకపోతున్నాను! మా సుబ్బమ్మా అల్లుడూ ఆత్మకూరు వదిలి ఈ ఊళ్ళోనే ఇల్లు కట్టుకుంటారట. స్థలం చూడటానికి ఈరోజు వచ్చారు. నా పెరటి గోడ అవతలి ఖాళీ స్థలంలో గుంట తవ్వి, తీసిన మన్నుతోనే మళ్ళీ పూడ్చాం. మన్ను మిగిలితే ఆ చోటు ఇంటికి మంచిదని మా నమ్మకం. కుప్పగా మిగిలింది! చిన్నపిల్లవాడిలా చప్పట్లు కొట్టాను.

సుబ్బమ్మ మాత్రం అక్కడి వేపచెట్టు దగ్గర ఆగిపోయింది. దాని వేళ్ళు మూరెడు బయటపడి ఉన్నాయి.

"నాయనా, వానలకు ఈడ మన్ను నిలుస్తాదా? నిజం చెప్పు."

కరువులో కొండమీది చెట్లన్నీ నరికేసినప్పటి నుంచి వాన పడితే చాలు, ఆ స్థలం కోసుకుపోతోంది. నా ఇల్లంటే బండ మీద ఉంది కాబట్టి సరిపోయింది.

"నిలవదమ్మా. ఊరి ఆ చివర రాతినేల ఉంది, అక్కడ చూసుకోండి," అన్నాను.

"ఏంది మామా, మమ్మల్ని అంత దూరం తోలేస్తుండావే!" అని అల్లుడు నవ్వాడు.

సాయంత్రానికి ఆ రాతినేలే ఖాయం చేసుకుని వెళ్ళారు. నా బిడ్డ ఇంటికి ఇక ఏ వాన భయమూ లేదు. దేవుడా, అంతకన్నా ఏం కావాలి!

దాని తల్లి పోయాక ఈ ఇంట్లో మాటే లేదు. సుబ్బమ్మ పక్కనే ఉంటే గోడ మీంచి "నాయనా, తిన్నావా?" అని అడుగుతుందనుకున్నాను... ఈ రాత్రి ఆ మాట నేనే ఒకసారి పైకి అని, పొయ్యి ముట్టించాను.